కప్పల గోల సరే, ఏ కప్పలు?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వాగులు పాడైపోతున్నాయని ఎక్కడ మాట మొదలుపెట్టినా, ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఒకరు తప్పకుండా అడ్డం పడతారు. "నాలుగు వానలు పడితే రాత్రంతా కప్పల గోలకు కన్ను మూతపడటం లేదు. వాగు చచ్చిపోయిందంటావేంది అబ్బయ్యా?" నిజమే, గోల ఉంది. చిత్త కార్తెలోనూ ఉంది, స్వాతిలోనూ ఉంది. అయితే ఆ గోలలో ఎన్ని రకాల గొంతులున్నాయని అడిగితే జవాబు రాదు. మనకు కప్పంటే ఒకటే కప్ప.

వాగు బాగోగులు తెలియాలంటే అరుపు ఎంత గట్టిగా ఉందో వింటే చాలదు, అరిచేది ఎవరో గుర్తుపట్టాలి. ఇంకో సంగతి, ఆ అరిచేవాళ్ల జాబితా తేలేది వాగు గట్టు మీద కూడా కాదు. గట్టు దాటాక ఉండే పొలాల్లో, బీళ్లలో, పైనున్న కొండవాలులో తేలుతుంది. మనమేమో వాగును బాగుచేయడమంటే గట్టుకు రాయి పేర్చడం, పూడిక తీయడం, చెక్‌డ్యామ్ కట్టడం, చివర్లో ఒక వరస మొక్కలు నాటి ఫొటో దిగడం అనుకుంటున్నాం. నా గొడవంతా దీని మీదే.

ఇంటర్ బైపీసీ చదివిన నా తరానికి కప్ప బాగా తెలుసని ఒక నమ్మకం. మైనపు ట్రేలో వెల్లకిలా పడుకోబెట్టి, గుండుసూదులు గుచ్చి, గుండెకు మూడు గదులని చూపించి మార్కులు తెచ్చుకున్నాం. తరవాత నేను అదే పాఠాన్ని ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పాను కూడా. కప్ప లోపల ఏముందో అంతా తెలుసు. అది వేసవిలో ఎక్కడికి పోతుందో, గుడ్లు పెట్టడానికి ఎలాంటి నీళ్లు వెతుక్కుంటుందో ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు. (ఆ సీసాల్లోని ఫార్మలిన్ వాసన నాకిప్పటికీ గిట్టదు, అది వేరే సంగతి.)

వాన వెలిసిన రాత్రి వాగు పక్కన టార్చి ఆర్పేసి నిలబడితే కాసేపటికి గొంతులు విడివిడిగా వినపడతాయి. సాగదీసి ఆపకుండా 'ర్ర్ర్ర్' అని లాగేది ఒంటినిండా బొడిపెలున్న గోదురు కప్ప. ఎవరో గోడకు మేకు కొడుతున్నట్టు 'టక్ టక్ టక్' అనేది చెట్టు కప్ప, మన బాత్రూముల్లో గోడకు అతుక్కుని కూర్చునే గోధుమరంగుది. పెంకు విసిరినట్టు నీటి మీద గెంతుకుంటూ పోయే చిన్నది ఒకటి, ఏ మురికిగుంటలోనైనా ఉంటుంది. గడ్డి మొదట్లో నుంచి గరగరమని పెద్దగా వినపడేది చూడబోతే బొటనవేలి కణుపంత కూడా ఉండదు, దాని నోరు సన్నగా ఉంటుంది. ఇక బుల్‌ఫ్రాగ్ మగవి. మామూలు రోజుల్లో ఆకుపచ్చగా ఉండేవి, పెద్దవానకు బయటికొచ్చి పసుపుపచ్చటి నిమ్మపండు రంగుకు తిరుగుతాయి. గొంతు రెండు పక్కలా నీలం తిత్తులు పొంగుతాయి. పగలే కనిపిస్తాయి కాబట్టి వాటిని చూసినవాళ్లు మరచిపోరు.

ఇవి కాక నేలలో బతికే రకాలు వేరు. గుండ్రంగా ఊదిన బెలూన్‌లా ఉండే కప్ప ఏడాదిలో ఎక్కువ భాగం మట్టి లోపలే ఉంటుంది, చెదలూ చీమలూ దాని తిండి. వెనక పాదం అంచున పార లాంటి గట్టి బుడిపెతో వెనక్కి తవ్వుకుంటూ ఇసకలోకి దిగిపోయే కప్ప ఇంకొకటి. వీటికి ఏడాదిలో ఒకటి రెండు పెద్ద వానలే ముహూర్తం. ఆ రాత్రి బయటికి రావాలి, జతకట్టాలి, గుడ్లు పెట్టాలి, మళ్లీ నేలలోకి పోవాలి.

ఇప్పుడు ఇందులోంచి నేలలో బతికేవాటిని తీసేయండి. బుల్‌ఫ్రాగ్‌ను తీసేయండి. తామరాకుల చెరువుల్లో ఉండే పెద్ద పచ్చ కప్పనూ తీసేయండి. (ఈ పచ్చ కప్ప పెద్దయ్యాక ఎక్కువగా నీటి మొక్కలే తింటుంది. కప్పల్లో శాకాహారం చాలా అరుదు. చెరువులో నాచూ తూడూ మొత్తం ఊడ్చేసే 'సుందరీకరణ' దాని కంచం లాగేయడమే.) ఇన్ని తీసేసినా గోదురు కప్ప, నీటి మీద గెంతేది కలిసి ఊరంతా నిద్ర లేపగలవు. పెద్దాయనకు వినపడే గోల ఈ రెండిటిదే కావచ్చు. చప్పుడు తగ్గలేదు, గొంతులు తగ్గాయి.

ఈ సంగతి పైవాళ్ల లెక్కల్లో కూడా దొరకదు. అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ జాబితా (ఐయూసీఎన్ రెడ్ లిస్ట్) కోసం 2023లో ప్రపంచంలోని 8,011 ఉభయచర జాతులను పరిశీలించి, అందులో 41 శాతం దాకా ముప్పులో ఉన్నాయని తేల్చారు. సకశేరుకాల్లో ఇంత దుస్థితి ఇంకే వర్గానికీ లేదు. కానీ మన మాగాణుల్లోనూ వాగుల్లోనూ కనిపించే రకాలు దాదాపు అన్నీ 'ఫర్వాలేదు' అన్న గడిలోనే ఉన్నాయి. అవి దేశమంతా ఉన్నాయి కాబట్టి అలా రాశారు, అందులో తప్పేం లేదు. ఒక జాతి దేశంలో బతికే ఉండి ఒక వాగు నుంచి మాయమైపోతే ఆ జాబితాలో ఎక్కడా గీత పడదు. అడవి కప్పల గురించి రాసే పత్రికలకు మన చింతలపాలెం వాగు వార్త కాదు.

కప్పది రెండిళ్ల కాపురం. గుడ్డుగా, తోకకప్పగా నీటిలో. కాళ్లొచ్చాక నేల మీద. దాని చర్మం తడిని పీల్చుకునే చర్మం, నీళ్లు తాగడం కూడా ఎక్కువగా చర్మంతోనే. అందుకే రెండిళ్లలో దేనికి ఏ మందు తగిలినా ఒంట్లోకి పోతుంది. రెండిళ్ల మధ్య దారి మూసుకుపోయినా అంతే. ఒక ఇల్లు బంగారంలా ఉన్నా ఉపయోగం లేదు.

ఆ రెండో ఇల్లు ఎంత దూరం? 2003లో అచ్చయిన ఒక సమీక్షలో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఉభయచరాలు నీటి అంచు నుంచి సగటున 159 నుంచి 290 మీటర్ల దాకా ఉన్న నేలను తమ బతుక్కి వాడుకుంటున్నాయని తేలింది. చాలా చోట్ల వాగుల పక్కన వదిలే రక్షణ పట్టీ 15 నుంచి 30 మీటర్లు. మన దగ్గర అది కూడా కాగితం మీదే, వాగు పోరంబోకు సర్వే నంబరు ఒకటుంటుంది కానీ అక్కడికెళ్లి చూస్తే వరి ఉంటుంది, లేదా కంచె ఉంటుంది. ఆ సమీక్షలోని జీవులు ఎక్కువగా అమెరికావి, మన కప్పలు మీటరు తేడా లేకుండా అంతే నడుస్తాయని నేననను. అయినా పదిహేను మీటర్లకూ, రెండు వందల యాభై మీటర్లకూ ఉన్న తేడా దేశం మారినంత మాత్రాన మాయమయ్యేంత చిన్నది కాదు.

అదే ఏడాది వచ్చిన ఇంకో పరిశోధన నాకు ఇంతకంటే నచ్చింది. అమెరికాలో నార్త్ కరోలినాలో పది చిన్న వాగుల పరివాహక ప్రాంతాలు తీసుకుని, వాగుల్లో ఉండే సాలమాండర్లను, అంటే బల్లిలా తోక ఉండే ఉభయచరాలను లెక్కపెట్టారు. మన తీరంలో సాలమాండర్లు లేవు, దేశంలో హిమాలయాల వైపు పోతేనే వాటి చుట్టాలు కనిపిస్తాయి. అయినా లెక్క వినండి. వాగు పక్కన పట్టీలో చెట్లు ఎన్ని ఉన్నాయన్నదానికీ సాలమాండర్ల సంఖ్యకూ పెద్దగా సంబంధం కనపడలేదు. మొత్తం పరివాహక ప్రాంతంలో ఎంత నేల చెదిరిపోయిందో దాన్ని బట్టి అవి తగ్గాయి. అంటే గట్టు మీద చెట్లుండి, పైన అంతా కొట్టేసి ఇళ్లూ రోడ్లూ వేస్తే వాగులో బతికేవాటికి ఆ చెట్లు అడ్డుపడలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. గట్టి నేల మీద పడ్డ వాన ఒక్కసారిగా వాగులోకి దూకుతుంది. వస్తూ మెత్తటి మట్టి తెస్తుంది. ఆ మట్టి రాళ్ల సందుల్లో కూరుకుపోతుంది. తోకకప్పలు దాక్కునేది ఆ సందుల్లోనే, గీక్కుని తినే పాచి ఉండేదీ ఆ రాళ్ల మీదే.

చీమకుర్తి చుట్టూ తిరిగినవాళ్లకు ఈ మెత్తటి మట్టి గురించి చెప్పనక్కర్లేదు. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ప్రపంచంలో దొరికేది అక్కడే. రాయి కోసే యూనిట్ల నుంచి వచ్చే బూడిదరంగు స్లర్రీ, అంటే రాతిపొడి కలిసిన బురద, ఎండితే పౌడరు, తడిస్తే జిగురు. అది చేరిన వంకలో అడుగు సిమెంటు పూత వేసినట్టు బిగుసుకుంటుంది. క్వారీ గుంతల్లో నీళ్లున్నాయి కదా, కప్పలకు మంచిదే కదా అంటారు కొందరు. నిట్టనిలువు గోడలు, లోతు నీళ్లు, అంచున గడ్డి పరక లేదు. అక్కడ దిగిన కప్ప పైకి రావాలంటే గోడెక్కే రకమై ఉండాలి.

మన వాగుల స్వభావం గురించి ఒక మాట చెప్పాలి, దీన్ని మనవాళ్లే తప్పుగా అర్థం చేసుకుంటున్నారని నా అనుమానం. ఉదయగిరి వైపు కొండల నుంచి దిగి పెన్నలో కలిసే బొగ్గేరు, బీరాపేరు గానీ, నల్లమలలో పుట్టి కంభం చెరువు మీదుగా వచ్చే గుండ్లకమ్మ గానీ, వాటిలో కలిసే పేరులేని వంకలు గానీ ఏడాదంతా పారేవి కావు. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. మిగతా రోజుల్లో వాగంటే ఇసక, అక్కడక్కడా మడుగులు, గట్టున వావిలి పొదలు, కానుగ చెట్లు, రెల్లు. ఎండిపోవడం దీని జబ్బు కాదు, అది దాని పద్ధతి. ఎండే నీళ్లలో చేపలు నిలవవు. చేపలు లేని నీళ్లే కప్ప గుడ్లకు భద్రం. వాన పడ్డ రాత్రి ఏర్పడి కొన్ని వారాల్లో ఇంకిపోయే గుంటను చూసే సన్ననోటి కప్పలూ నేల కప్పలూ గుడ్లు పెడతాయి. వాటి తోకకప్పలు ఆ కొన్ని వారాల్లోనే కాళ్లు తెచ్చుకుని బయటపడతాయి.

అలాంటి వాగుకు మనం ప్రతి అర కిలోమీటరుకూ చెక్‌డ్యామ్ కట్టి ఏడాదంతా నీళ్లు నిలబెడతాం. భూగర్భజలం పెరుగుతుంది, బోర్లు బతుకుతాయి, నేను కాదనను. మా ఇంటి బోరు కూడా అలాగే బతికింది. కానీ నిలిచిన నీళ్లలోకి చేపపిల్లలు వదులుతారు, వదలకపోయినా తిలాపియా ఎలాగో వచ్చి చేరుతుంది. దోమల కోసమని గంబూసియా చేపలు వేస్తారు. గంబూసియా దోమ పిల్లలను తింటుంది నిజమే, కప్ప గుడ్లనూ చిన్న తోకకప్పలనూ కూడా వదలదు. దోమలను తినే కప్పల గుడ్లను తినే చేపను దోమల కోసం వేయడం ఎక్కడి తెలివో నాకు అర్థం కాదు. చివరికి ఆ మడుగులో మిగిలేది ఏడాది పొడవునా గుడ్లు పెట్టగలిగే, నీటి మీద గెంతే రకం. మళ్లీ అదే గొంతు.

చెక్‌డ్యాములు కూల్చమని కాదు నేననేది. కట్టేటప్పుడు పక్కన ఉన్న పల్లపు గుంటలను కూడా పనిలో పనిగా పూడ్చేస్తున్నారు, అది ఆపితే చాలు. ఇసక సంగతి మాత్రం వేరు. ఇసక తీసిన చోట వాగు అడుగు గట్టి మట్టి తేలి, మధ్యలో నిలువు గుంతలు పడతాయి. ఇసకలో తవ్వుకుని పడుకునే కప్పకు పడక పోయింది. 2021 నవంబర్‌లో పెన్నకు వచ్చిన వరద తరవాత ఇసక మళ్లీ చేరిందని సంతోషించినవాళ్లున్నారు. చేరిన ఇసక ఎన్నాళ్లుందో వాళ్లనే అడగండి.

పొలాల దగ్గరికి వస్తే, వ్యవసాయం అంటేనే కప్పలకు శత్రువు అన్న వాదన మన దగ్గర నిలవదు. నెల్లూరు మాగాణి అంటే ఏటా నెలల తరబడి జానెడు నీళ్లు నిలిచే చిత్తడి నేల. వాగు పొంగి గుంటలు కొట్టుకుపోయిన ఏడాది కప్పలను కాపాడేది వరి మడే. నారుమడి తడిపినప్పటి నుంచి కోతకు నీళ్లు తీసేదాకా అక్కడ ఓ లోకం నడుస్తుంది. ఈశాన్య వానలకు వేసే పెద్ద పంటా, ఆ తరవాత వేసవిలో ఎడగారూ కలిపితే నీళ్లుండే రోజులు ఇంకా ఎక్కువ. కాబట్టి వరి ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న, ఏ రకం వరి సాగు అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

గట్ల సంగతి చూడండి. రాత్రి మడిలో వేటాడే కప్ప పగలు గట్టులో, గడ్డిలో, ఎండ్రకాయ బొరియలో ఉంటుంది. గట్టు మీద గడ్డికి ఇప్పుడు కొడవలి ఎవరూ పట్టడం లేదు, కూలీ దొరకదు, దొరికినా గిట్టదు. గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొడతారు. ఆ మందులో అసలు రసాయనం కంటే, ఆకుకు అంటుకోవడానికి కలిపే సబ్బు లాంటి పదార్థం తోకకప్పలకు ఎక్కువ విషమని పరిశోధనల్లో తేలింది. డబ్బా మీద రాసి ఉండే పేరు ఒకటి, చంపేది ఇంకొకటి. పురుగుకు వేసే గుళికలు మడి అడుగుకు చేరతాయి, తోకకప్పలు మేసేదీ అడుగునే. తరవాత రోటవేటర్. నాగలి పోయిన చాలులో తప్పించుకోగలిగిన నేల కప్ప రోటవేటర్ కింద తప్పించుకోలేదు.

కాలువల గురించి జపాన్‌లో ఒక మంచి ఉదాహరణ ఉంది. టోక్యో చుట్టూ ఉన్న కాంటో మైదానంలో వరి పొలాల మట్టి కాలువలు తీసి కాంక్రీటు కాలువలు వేశాక ఏమైందో 1990లలో చూశారు. పొలాల్లో వరి అలాగే ఉంది. నేల మీద తిరిగే కప్పలు బాగా తగ్గాయి. వేళ్ల చివర అంటుకునే బిళ్లలున్న చెట్టు కప్ప మాత్రం గోడెక్కి బయటపడింది. మన దగ్గర సిమెంట్ లైనింగ్ వేసిన కాలువ పక్కన ఉదయాన్నే నడిచినవాళ్లెవరైనా ఆ గోడ మీద పైకి ఎగబాకి జారి, మళ్లీ ఎగబాకే గోదురు కప్పను చూసే ఉంటారు. నేను చూసినప్పుడు ఒకటి ముందు కాళ్లు రెండూ గోడకు ఆనించి, పొట్ట ఎగరేస్తూ రొప్పుతూ ఉంది. నీటి మట్టానికి పైన జానెడు ఎత్తులో పాచి కూడా పట్టని నున్నటి సిమెంటు. కప్పను తీసి గట్టున వేయడానికి కట్టెపుల్ల వెతకబోతే, పక్కనే కాలువ పైవరస మెట్టులో ఎండి అట్టకట్టిన కప్పలు ఇంకా ఉన్నాయి. లైనింగ్ వల్ల నీళ్లు చివరి ఆయకట్టుకు చేరతాయి, అది రైతుకు అవసరం. యాభై మీటర్లకోసారి ఒక గరుకు వాలు వదిలితే నీళ్లేం ఆగవు.

సముద్రం వైపు, అంటే విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు దారిలో వరి నుంచి రొయ్యల గుంటలకు మారిన నేల కథ పూర్తిగా వేరు. అక్కడ నీళ్లు వరి కంటే ఎక్కువే. పై నుంచి ఫొటో తీస్తే అంతా తళతళలాడే నీళ్లే. కప్పకు మాత్రం అది ఎడారి. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, కప్ప ఒంట్లో ద్రవాల ఉప్పు దానిలో నాలుగో వంతు దరిదాపు. అంతకంటే ఉప్పటి నీళ్లలో దాని ఒంట్లోని నీరు బయటికి లాగేస్తుంది. ఆగ్నేయాసియా మడ అడవుల్లో పీతలు తినే కప్ప ఒకటుంది, అది ఒంట్లో యూరియా నిలవ చేసుకుని ఉప్పునీళ్లలో నెట్టుకొస్తుంది. మన మాగాణి కప్పలకు ఆ విద్య లేదు. ఉప్పు తక్కువగా పెట్టే గుంటల్లో కూడా బ్లీచింగ్, సున్నం, ఏరేటర్లు, చుట్టూ పీతలు రాకుండా మోకాలెత్తు ప్లాస్టిక్ కంచె, పైన పక్షులకు వల. పీతను ఆపే కంచె కప్పను కూడా ఆపుతుంది. 1996 డిసెంబర్‌లో తీరప్రాంత రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చింది. ఆ గొడవలన్నిటిలో తాగునీటి గురించి, మడ అడవుల గురించి, పంట నష్టం గురించి మాట్లాడారు. మాగాణి కూడా ఒక చిత్తడి నేలేనని, దాని మీద బతికేవి ఉంటాయని ఎవరూ లెక్కలోకి తీసుకున్నట్టు నాకు కనపడదు.

మెట్ట వైపు జామాయిల్, సుబాబుల్. ప్రకాశంలో వేల కుటుంబాలు పేపరు మిల్లు రేటు మీద బతికాయి, రేటు పడిపోయినప్పుడు ఏడ్చాయి కూడా. జామాయిల్ ఆకు గట్టిగా, నూనెగా ఉంటుంది, నీటిలో పడ్డా పురుగులు దాన్ని ఇష్టంగా తినవు. అంటే వాగులోకి ఆకు చేరుతుంది గానీ తిండి చేరదు. తోట కింద నేల బోసిగా, పొడిగా ఉంటుంది. దూరం నుంచి చూస్తే పచ్చదనం. పచ్చదనం పెరిగిందని లెక్క రాసేవాళ్లకు జామాయిల్ తోటా, వావిలీ కానుగా పెరిగిన వాగు గట్టూ ఒకే రంగు. వదిలేసిన బీడుకు చిల్లకంప కమ్ముకుంటే అది కూడా పచ్చగానే ఉంటుంది.

నిమ్మ తోటలు, లే-అవుట్ల గురించి ఎక్కువ చెప్పను. నిమ్మ పాదుల్లో తేమ ఉన్నంతవరకు గోదురు కప్ప హాయిగా ఉంటుంది, అదొక చిన్న ఊరట. లే-అవుట్ అంటే గుంట మీద గ్రావెల్ పోయడం, ఇంక చర్చ ఏముంది.

ఒక పాత సంగతి గుర్తుచేయాలి. కప్ప కాళ్ల ఎగుమతిని మన దేశం 1987లో నిషేధించింది. అంతకు ముందు బుల్‌ఫ్రాగ్‌నూ పచ్చ కప్పనూ పట్టి, కాళ్లు కోసి విదేశాలకు పంపేవాళ్లు. 1985లో ఆ రెండిటినీ వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం (సైటీస్) జాబితాలో కూడా చేర్చారు. కప్పలు పోతే పురుగు పెరుగుతుందన్న భయం ఆ నిషేధానికి ఒక కారణం. చేత్తో పట్టడం ఆగింది. ఇప్పుడు పట్టక్కర్లేదు, దాని చుట్టూ నేల మారితే అదే పోతుంది. దానికి నిషేధం లేదు, ఉండాలని అడిగేవాళ్లూ లేరు.

మా బావమరిదికి తీరం వైపు నాలుగెకరాల మాగాణి ఉంది. రొయ్యల గుంటకు కౌలుకిచ్చాడు. ఈ విషయం మీద మా ఇద్దరికీ పండగ పండగకీ వాదనే. "కప్పల కోసం కౌలు వదులుకోమంటావా బావా? వరి వేస్తే ఏం మిగిలిందో నీకు తెలవదా?" అంటాడు. తెలుసు. వరి వేసి ధర లేక, అకాల వానకు వడ్లు తడిసి మొలకెత్తితే కళ్లం దగ్గర కూర్చున్నది నేనూ చూశాను. కాబట్టి కప్పల కోసం నష్టపోమని ఎవరికీ చెప్పే ముఖం నాకు లేదు. రైతు ఒక్కడే మోయాల్సిన బరువు కాదిది. గుంటలు ఏ సర్వే నంబరు దాకా, ఏ కాలువకు ఎంత దూరంలో అన్నది నిర్ణయించేవాళ్లు వేరే ఉన్నారు. ఆ నిర్ణయంలో వాగునూ చుట్టూ పొలాన్నీ ఒకే మ్యాప్ మీద చూడమంటున్నాను. ఇప్పుడు వాగు ఒక శాఖది, గట్టు ఒక శాఖది, పొలం ఒక శాఖది, రొయ్యలు ఇంకో శాఖవి. కప్ప ఈ నాలుగింటిలోనూ తిరుగుతుంది.

డబ్బు పెద్దగా ఖర్చు కాని పనులు కొన్ని ఊళ్లోనే అయిపోతాయి. ఉపాధి హామీలో ఈ ఏడాది ఏ పనులు పెట్టాలని గ్రామసభలో అడిగినప్పుడు, పూడికతీత జాబితాలో వాగు పక్కన పల్లపు గుంటలు చేర్చవద్దని రాయించవచ్చు. పొలాల్లో తవ్వే నీటి కుంటకు నాలుగు వైపులా నిలువు గట్లు కాకుండా ఒక వైపు మనిషి నడిచి దిగేంత వాలు పెట్టించవచ్చు. ఇది కప్ప కంటే ముందు పిల్లల కోసం, దూడల కోసం చేయాల్సిన పని. ప్లాస్టిక్ షీటు పరిచిన కుంటలో జారి పైకి రాలేక పోయినవాళ్ల వార్తలు ఏటా చదువుతున్నాం. షీటు వేసిన కుంటల్లో ఒక మూల పాత చేపల వల వేలాడదీసినా పట్టు దొరుకుతుంది. గట్ల మీద మందు కొట్టక తప్పదనుకుంటే కనీసం వాగు వైపు గట్టును వదిలేయవచ్చు, ఆ ఒక్కదానికి కొడవలి పట్టవచ్చు.

జాబితా ఒకటి మనమే రాసుకోవాలి. పెద్ద వాన పడ్డ మొదటి రాత్రి ఫోన్‌లో కాసేపు రికార్డ్ చేసి, తేదీ, చోటు, చుట్టూ ఏ పంట ఉందో రాసి పెట్టుకోండి. జాతి పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, గొంతులు ఎన్ని రకాలో రాయండి. వరి మధ్యలో, జామాయిల్ పక్కన, చెక్‌డ్యామ్ దగ్గర, కొండ కింద వంకలో, నాలుగు చోట్ల నాలుగు రికార్డింగులుంటే తేడా మీ చెవికే తెలుస్తుంది. మా కాలేజీ పిల్లలు కొందరు ఇది చేస్తున్నారు. వాళ్లలో ఒకమ్మాయి చెట్టు కప్ప నురుగు గూడును తమ ఇంటి నీళ్లతొట్టి లోపలి గోడకు చూసి, వాళ్లమ్మ కడిగేయబోతే ఆపించిందట. నీటికి బెత్తెడు ఎత్తులో తెల్లగా, గిలక్కొట్టిన గుడ్డు నురగలా ఉంటుంది, లోపల గుడ్లు. కొన్ని రోజులకు తోకకప్పలు కిందున్న నీటిలోకి రాలతాయి. ఆ తొట్టి నీళ్లు పశువులకేనట, కాబట్టి ఇంట్లో పెద్ద గొడవేం కాలేదు.

మా బావమరిది విషయానికొస్తే, కౌలు మానలేదు. గుంటలు తవ్వినప్పుడు పొలం ఉత్తరం మూల, వాగు వైపున్న పల్లాన్ని మాత్రం వదిలేశారు. నేను చెప్పానని కాదు. జేసీబీ దిగబడుతోందని డ్రైవర్ ఆ మూలకు పోనన్నాడు.